మరకలత్తయ్య ఉతకని గుడ్డలు

ఆ జంతువుల ఆశ్రయంలో పనిచేసేవాళ్ళు తొమ్మిదిమంది. అందులో తన పని గురించి గొప్పలు చెప్పుకునేది ఒక్కరే. ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. అందరికీ ఆవిడ మరకలత్తయ్య. పెద్దాసుపత్రి బట్టల గదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైంది. ఇంట్లో కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయని ఇక్కడికొచ్చి చేరింది. మోకాళ్ళ సంగతేమో గానీ, ఆవిడ వచ్చిన రెండు నెలలకే ఆశ్రయం వాసన మారిపోయింది. ఒకప్పుడు గేటు దగ్గరే ముక్కు మూసుకున్న జనం ఇప్పుడు లోపలికొచ్చి, "ఇక్కడ నిజంగా కుక్కలున్నాయాండీ?" అని అడుగుతున్నారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా అత్తయ్య మొహం చేటంత అయ్యేది.

పెరటి వైపు చివరి గది ఆవిడది. రెండు వాషింగ్ మెషిన్లు, ఒక సిమెంటు తొట్టి, గోడకి కొట్టిన చెక్క మీద ఆరు రకాల బ్రష్షులు. దుప్పట్లూ పాత తువ్వాళ్ళూ మెషిన్‌లో వేసేది. మరక కనపడితే మాత్రం ఆ గుడ్డని విడిగా తీసి, కిటికీ వెలుగులో పట్టుకుని చూసి, ఇది మందు, ఇది తుప్పు, ఇది పిల్లి కక్కు అని తేల్చేసి, దేనికి తగ్గ వైద్యం దానికి చేసేది. ఆవిడ చేతిలో ఓడిపోని మరక లేదు. ఆ సంగతి ఎవరూ అడక్కుండానే చెప్పేది కూడా.

"ఆపరేషన్ థియేటర్ దుప్పట్లు ఉతికిన చెయ్యి ఇది. కుక్కపిల్లల దుప్పట్లు నాకో లెక్కా?" అనేది. విని విని అందరికీ కంఠతా వచ్చేసింది. అయినా ఎవరూ నవ్వేవాళ్ళు కాదు, ఎందుకంటే అది నిజం.

ఒక సోమవారం పొద్దున ఆశ్రయం వ్యాను నడిపే బాబాయి ఒక ముసలి కుక్కని తీసుకొచ్చాడు. బోనుల బాగోగులు కూడా ఆయనే చూస్తాడు. కుక్క పేరు బెల్లు. సైకిళ్ళు రిపేరు చేసే ఒక పెద్దాయన దగ్గర పదేళ్ళుగా ఉంది. ఆ పెద్దాయన చనిపోయాడు. కుక్క మూసిన షట్టర్ ముందే నాలుగు రోజులు పడుకుంటే, పక్క షాపువాళ్ళు చూడలేక ఫోను చేశారు. బెల్లు ఒక చొక్కా మీద పడుకుని ఉంది. చొక్కా అని బాబాయి చెప్పాడు కాబట్టి నమ్మాలి. చూడ్డానికి మాత్రం గ్రీజు పట్టిన గోనెసంచిలా ఉంది. లాగబోతే గుర్రుమందట. అందుకని చొక్కాతో సహా ఎత్తుకొచ్చేశాడు.

సాయంత్రానికి బెల్లు ఆ చొక్కా మీదే ముడుచుకుని, గిన్నెలో పెట్టిన తిండి సగం తింది. డాక్టరమ్మ చూసి, పర్వాలేదు, రెండు మూడు రోజుల్లో తేరుకుంటుందంది.

మర్నాడు బెల్లుని బరువు చూడ్డానికి డాక్టరమ్మ గదికి తీసుకెళ్ళినప్పుడు అత్తయ్య బోను శుభ్రం చేయడానికొచ్చింది. చొక్కా కళ్ళపడింది. ఇంకేముంది, పూనకం వచ్చినంత పనైంది.

"అత్తయ్యా, అది దానికి కావాలంట" అన్నాడు బాబాయి.

"ఉంచేసుకుంటానా ఏంటి? ఉతికి ఇస్తాగా. పాపం, పెద్దప్రాణం. ఈ జిడ్డులో పడుకుంటే దానికి నిద్రెలా పడుతుంది?"

అందులో ప్రేమ ఉంది, కాదనడానికి లేదు. ఆ ప్రేమ పక్కనే ఇంకోటి కూడా ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అంత గట్టి మరక ఆవిడకి ఎదురుపడలేదు. ఏళ్ళ తరబడి ఒకదాని మీద ఒకటి పేరుకుపోయిన సైకిల్ గ్రీజు అది. ముందు కిరసనాయిలు రాసి రెండు గంటలు నానబెట్టింది. తర్వాత గిన్నెల సబ్బు, తర్వాత వేడినీళ్ళు, మళ్ళీ కిరసనాయిలు. ఆరు బ్రష్షులూ అయిపోయాయి. మధ్యాహ్నం తిండి కూడా మర్చిపోయింది. మూడు గంటలకి తొట్టిలో నీళ్ళు బూడిదరంగు నుంచి తెల్లగా మారేసరికి లోపల్నుంచి ఒక రంగు బయటికొచ్చింది. ఆకాశం రంగు. లేత నీలం.

అత్తయ్య ఆ చొక్కాని దండెం మీద, అందరికీ కనపడేలా మధ్యలో ఆరేసింది. వచ్చేపోయేవాళ్ళని ఆపి మరీ చూపించింది. "నల్ల చొక్కా అనుకున్నారుగా. చూడండి." డాక్టరమ్మ కూడా ముక్కున వేలేసుకుంది. అత్తయ్య ఆ సాయంత్రం నేల మీద నడవలేదంటే నమ్మాలి.

ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి, స్వయంగా తీసుకెళ్ళి బోనులో పరిచింది. బెల్లు లేచి వచ్చింది. చొక్కా వాసన చూసింది. మెడ దగ్గర చూసింది, చేతుల దగ్గర చూసింది, మళ్ళీ మెడ దగ్గరకొచ్చింది. తర్వాత అత్తయ్య మొహంలోకి ఒకసారి చూసి, వెనక్కి తిరిగి, గోడ వైపు మొహం పెట్టి ఒట్టి నేల మీద పడుకుంది.

"కొత్త కదా, అలవాటైపోతుందిలే" అంది అత్తయ్య. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే దర్జా లేదు.

ఆ రోజు బెల్లు తినలేదు. బుధవారమూ తినలేదు. గురువారం పొద్దున నీళ్ళు కూడా మానేసింది. బాబాయి గిన్నె మూతి దగ్గర పెట్టాడు, చేత్తో తినిపించబోయాడు, బతిమాలాడు. అది కళ్ళు కూడా తిప్పలేదు.

డాక్టరమ్మ బోనులో కూర్చుని దాని పొట్ట తడిమి చూసింది. "ఒంట్లో ఏ జబ్బూ లేదు అత్తయ్యా. బతకాలని లేదు, అంతే. ఈ సాయంత్రం నుంచి సెలైన్ పెడతాను. కానీ ఈ వయసులో సెలైన్‌తో ఎన్నాళ్ళు నెట్టుకొస్తాం? వారం కూడా కష్టమే."

"సోమవారం తింది కదమ్మా."

బాబాయి చూపు ఒక్క క్షణం ఆ నీలం చొక్కా మీదకి వెళ్ళి వచ్చింది. ఆ చూపుని అత్తయ్య పట్టేసింది.

గదికి వెళ్ళి తొట్టి గట్టు మీద కూలబడింది. ఆవిడకి తన భర్త గుర్తొచ్చాడు. ఆయన పోయిన రోజే ఆవిడ పక్క దుప్పటి, దిండు గలీబు, ఆయన విప్పిన బట్టలు, తలుపు వెనక వేలాడే తువ్వాలుతో సహా అన్నీ పోగుచేసి ఉతికేసింది. చుట్టాలందరూ ఎంత గుండె నిబ్బరమో అన్నారు. నెల తిరిగాక ఒక మధ్యాహ్నం బీరువా తెరిచి ఆయన చొక్కాలు ఒక్కొక్కటే మొహానికి ఆనించుకుని చూసింది. అన్నీ సబ్బు వాసనే. ఇల్లంతా వెతికింది. ఆ ఇంట్లో ఆయన ఎక్కడా మిగల్లేదు. మిగలకుండా చేసింది తనే. ఈ సంగతి ఆవిడ పదకొండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు అదే పని ఇంకొకరికి చేసింది. ఆ ఇంకొకరికి బీరువా కూడా లేదు, ఉన్నదల్లా ఒక్క చొక్కా.

అత్తయ్య చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, నీలం చొక్కాని సంచిలో పెట్టుకుని, బాబాయి దగ్గరకెళ్ళింది.

"ఆ షాపెక్కడో చెప్పు. ఆయనది ఉతకని గుడ్డ ఒక్కటైనా దొరక్కపోదు."

ఉతకని గుడ్డ అనే మాట మరకలత్తయ్య నోటి నుంచి వినడం బాబాయికి అదే మొదటిసారి. నవ్వొచ్చినా ఆపుకుని, వ్యానులో దింపుతానన్నాడు.

షాపు దగ్గర షట్టర్‌కి కొత్త రంగు. లోపల ఫోన్ కవర్లు అమ్మే మనిషి అద్దాల అరలు బిగించుకుంటున్నాడు. "పాత సామానా? అంతా తీసుకెళ్ళిపోయారండి. నేలంతా యాసిడ్ పోసి కడిగించాం, గోడలకి రెండు కోట్లు వేయించాం. చుక్క గ్రీజు ఉంటే చూపించండి" అన్నాడు గొప్పగా. ఎవరైనా ఏదైనా శుభ్రం చేశారంటే అత్తయ్యకి ఒళ్ళు మండడం జీవితంలో అదే మొదలు. నేలకేసి ఒకసారి చూసింది. నిజమే, చుక్క లేదు. చచ్చేంత బాగా కడిగారు.

పెద్దాయనకి ఒక కూతురుందని, కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుందని, ఇల్లు నాలుగు వీధుల అవతలేనని చెప్పాడు ఆ మనిషి.

రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. తలుపు తీసిన అమ్మాయికి ముప్ఫై దాటి ఉంటాయి. బాబాయి చొక్కా మీద ఆశ్రయం గుర్తు చూడగానే ఆ అమ్మాయి మొహం గట్టిపడింది.

"కుక్క గురించేనా? పక్క షాపువాళ్ళకి ఫోన్‌లోనే చెప్పానండి. ఈ ఇంట్లో కుక్కల్ని ఉంచనివ్వరు. నాకు మాత్రం బాధ లేదనుకున్నారా? నన్ను తిట్టడానికైతే..."

"తిట్టడానికి రాలేదమ్మా. తిట్లు తినడానికొచ్చాను" అంది అత్తయ్య.

ఆ అమ్మాయి తలుపు పూర్తిగా తెరిచింది. లోపలికి రమ్మంది. అత్తయ్య కుర్చీ అంచున కూర్చుని, సంచిలోంచి చొక్కా తీసి ఒళ్ళో పెట్టుకుని, జరిగింది జరిగినట్టు చెప్పింది. తన గొప్ప చూపించుకోవడానికి ఎంత తోమిందో కూడా దాచలేదు. "నీ కుక్కకి మీ నాన్నని నేనే దూరం చేశానమ్మా. ఇదే ఆ చొక్కా" అంది.

అమ్మాయి చొక్కా అందుకుంది. అటూ ఇటూ తిప్పింది. "ఇది కాదండి. మా నాన్నకి ఇలాంటిది లేదు. ఆయన ఒంటి మీద ఎప్పుడూ ఒక్క నల్ల చొక్కానే..." అంటూ జేబు దగ్గర ఆగిపోయింది. జేబు పక్కన పెన్ను పెట్టుకోవడానికి విడిగా కుట్టిన చిన్న అర ఉంది. ఆ అర మీద వేలు పెట్టి దాని కుట్టు తడిమింది.

"ఇది నేను కొన్నది" అంది చివరికి. "నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో. రంగు నేనే ఎంచాను. ఆయన వేసుకోగా ఒక్కసారీ చూడలేదు. కొత్త చొక్కా ఏది నాన్నా అంటే, ఉందిలే అమ్మా అనేవాడు. ఎవరికో ఇచ్చేసి ఉంటాడని కోపం తెచ్చుకున్నా. ఆ నల్ల చొక్కా అవతల పారెయ్యమని ఎన్నిసార్లు పోట్లాడానో."

బాబాయి కిటికీ బయటకి చూడ్డం మొదలుపెట్టాడు. అమ్మాయి చొక్కాని గుండెకి అదుముకుని, పైకే ఏడ్చింది. అత్తయ్య లేచి పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఆవిడ కళ్ళూ ఆగలేదు.

కాస్త తేరుకున్నాక అత్తయ్య మెల్లిగా అడిగింది. "అమ్మా, ఆయనవి ఉతకనివి ఇంకేమైనా ఉన్నాయా? ఎంత మురికిదైనా సరే. మురికిదే కావాలి."

అమ్మాయి చొక్కాని మడిచి పక్కన పెట్టింది. తర్వాత లోపలికెళ్ళి బీరువా అడుగు అరలోంచి రెండు ముళ్ళు వేసిన ప్లాస్టిక్ కవరు తెచ్చింది. "నాన్న చేతులు తుడుచుకునే గుడ్డ. మెళ్ళో వేసుకునేవాడు. నేను మాటిమాటికీ విప్పను. విప్పితే పోతుందని భయం. రోజుకి ఒక్కసారే."

అత్తయ్య ఆ కవరు వైపు చూస్తూ కూర్చుంది. తను పదకొండేళ్ళ కింద చేయలేని పని ఈ చిన్నపిల్ల చేసింది. అలాంటిదాన్ని అడగడానికి నోరు రాలేదు.

అమ్మాయే ముళ్ళు విప్పింది. "సగం కోయండి" అంది. "నాకూ కొంచెం ఉంచండి."

ఇక్కడ అత్తయ్యలోని పనిమంతురాలు మళ్ళీ లేచి కూర్చుంది. గుడ్డని ఒళ్ళో పరిచి, కిటికీ వెలుగు పడేలా జరుపుకుని, కొస నుంచి కొస దాకా ముక్కుతో చూసింది. గ్రీజు, పంక్చర్ జిగురు, రబ్బరు, చెమట. కత్తెర అందివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అడ్డంగా కొయ్యకూడదమ్మా. చూడు, రెండు కొసలూ చేతులు తుడిచినవి, గ్రీజంతా అక్కడే ఉంది. మెడ ఆనిన చోటు ఈ మధ్యలో. అడ్డంగా కోస్తే కత్తెర మెడ చోటు మీదే పడుతుంది, ఒక్కో చెయ్యే ఒక్కొక్కరికి వస్తుంది. నిలువుగా కోద్దాం. అప్పుడు ఆయన చేతులు రెండూ, మెడా ఇద్దరికీ వస్తాయి."

కోసింది. ఒక్క పోగు అటూ ఇటూ పోకుండా కోసింది. లక్ష దుప్పట్లు ఉతికిన అనుభవమంతా ఆ ఒక్క కోతలో పెట్టింది. అమ్మాయి తన సగాన్ని కవరులో పెట్టి ముడి వేసుకుంది. రెండో సగాన్ని అత్తయ్య ఇంకో కవరులో పెట్టి ఊపిరాడనివ్వకుండా బిగించి కట్టింది.

"నేనూ వస్తాను" అంది అమ్మాయి. మెట్లు దిగుతూ మళ్ళీ అడిగింది. "నన్ను చూసి మొహం తిప్పేసుకుంటుందేమోనండి. వదిలేశాను కదా."

"తిప్పుకుంటే తిప్పుకోనీ. నావైపు మూడు రోజులుగా చూడట్లేదు. ఇద్దరం పక్కపక్కనే కూర్చుందాం" అంది అత్తయ్య.

ఆశ్రయానికి చేరేసరికి నాలుగైంది. అత్తయ్య బోనులోకి ముందు తను వెళ్ళలేదు. అమ్మాయి చేతికే ఇచ్చి పంపింది. బెల్లు గోడ వైపు తిరిగి పడుకునే ఉంది. అమ్మాయి కవరు ముడి విప్పింది. అంతే, ముక్కు కదిలింది. తర్వాత ఒక చెవి లేచింది. అది నిలబడడానికి రెండుసార్లు ప్రయత్నించి, వణికే కాళ్ళతో వచ్చి, గుడ్డలోకి మూతి దూర్చేసింది. దాని గొంతులోంచి సన్నగా ఒక శబ్దం వచ్చింది, మూలుగూ కాదు, అరుపూ కాదు. గుడ్డ చుట్టూ మూడుసార్లు తిరిగి, దాని మీద వాలి, అమ్మాయి మోకాలి మీద తల పెట్టింది.

"బెల్లూ" అంది అమ్మాయి. తోక ఒక్కసారి నేలకి కొట్టుకుంది.

అయినా గిన్నె ముట్టుకోలేదు. అరగంట గడిచింది, గంట గడిచింది. ఆ గంటలో ఆశ్రయంలో ఉన్న తొమ్మిదిమందికీ ఆ బోను పక్కనే ఏదో ఒక పని పడింది. ఒకరు ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చారు. డాక్టరమ్మ సెలైన్ సీసా చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. అత్తయ్య మాత్రం నేల మీద కూర్చుని కన్నార్పకుండా చూస్తోంది. ఆవిడ చీపురూ ముట్టలేదు, బ్రష్షూ ముట్టలేదు.

అయిదుంబావుకి బెల్లు తల ఎత్తి గిన్నె వైపు చూసింది. అమ్మాయి గిన్నె దగ్గరగా జరిపింది. ఒకసారి నాకింది. ఆగింది. మళ్ళీ నాకింది. తర్వాత, ఏదో మర్చిపోయిన పని గుర్తొచ్చినట్టు, గిన్నె అంచుకి పళ్ళు తగిలేలా తినడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ సెలైన్ సీసా తీసుకెళ్ళి అలమరలో పెట్టేసింది. బాబాయి అత్తయ్య వైపు తిరిగి, "నీ చేతిలో ఓడిపోని మరక ఇదొక్కటేనా అత్తయ్యా?" అన్నాడు.

"నేనే ఓడిపోయాను" అంది అత్తయ్య. ఓడిపోయినందుకు అంత పొంగిపోయిన మనిషిని ఆయన చూడలేదు.

మర్నాడే ఆవిడ బట్టల గదిలో కొత్త చెక్క అర బిగించింది. ఆ అర మీద ఉండేవి ముడి వేసిన కవర్లు. ఏ జంతువుతో ఏ గుడ్డ వచ్చినా, పీలిక అయినా సరే, ముందు అందులో ఒక ముక్క కోసి, కవరులో కట్టి, పేరు రాసి అక్కడ పెట్టాకే మిగతా పనులు. చెప్పకుండా ఆ అర ముట్టుకుంటే ఊరుకునేది కాదు. ఇంకో నియమం కూడా పెట్టింది. కుక్కనో పిల్లినో ఇంటికి తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు వారం ముందే తాము రెండు రోజులు తొడిగి విప్పిన చొక్కా ఒకటి తెచ్చివ్వాలి. కొత్త మనిషి వచ్చేలోపు వాసన ముందే పరిచయమైపోవాలి. గేటు దగ్గర జనం విప్పిన బట్టలు సంచుల్లో దాచుకుని, దొంగల్లా దిక్కులు చూస్తూ నిలబడేవాళ్ళు. ఒకావిడ చొక్కాకి సెంటు కొట్టి తెచ్చింది. అత్తయ్య వాసన చూసి తిప్పి పంపేసింది. "దాన్ని పెంచేది నీ సెంటుసీసా కాదమ్మా, నువ్వు. ఎలా ఉంటే అలా రావాలి" అంది. ఆవిడ మూడోరోజు ఎలా ఉందో అలాగే వచ్చింది, వారం ఆగి పిల్లిని తీసుకెళ్ళింది, అది మొదటి రోజే ఒళ్ళోకి ఎక్కి కూర్చుందని ఫోను చేసి మరీ చెప్పింది.

బెల్లు కోసం ఆ అమ్మాయి ప్రతి సెలవు రోజూ వచ్చేది. నాలుగు నెలలు వెతికి, కుక్కలుంటే అభ్యంతరం లేని ఇల్లు చూసుకుని మారింది. తీసుకెళ్ళే రోజు నీలం చొక్కా వేసుకొచ్చింది. వదులుగా ఉన్నా చేతులు మడిచి వేసుకుంది. బెల్లు ఆ చొక్కా వాసన చూసింది. అందులో ఇప్పుడు ఆ అమ్మాయే ఉంది. దానికి చాలింది.

ఏడాది చివర్లో ఆశ్రయం చూడ్డానికి కమిటీ వచ్చింది. ముగ్గురూ తెల్లటి బట్టల్లో ఉన్నారు. గది గది చూసుకుంటూ, ఎక్కడా వంక దొరక్క, చివరికి బట్టల గదికొచ్చారు. మెషిన్లు మెచ్చుకున్నారు, తొట్టి మెచ్చుకున్నారు. అర దగ్గరకొచ్చేసరికి వాళ్ళలో పెద్దాయన ముక్కు చిట్లించాడు.

"ఏంటమ్మా ఇవి, ఇంత శుభ్రమైన చోట? పదహారు మురికి గుడ్డలా?"

అత్తయ్య పమిట భుజం మీదకి లాక్కుని నిటారుగా నిలబడింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఆసుపత్రి నౌకరీలో ఏ పెద్ద డాక్టరు ముందూ ఆవిడ అంత నిటారుగా నిలబడలేదు.

"నేను ఉతకనివండి" అంది. ఒక్కొక్క కవరూ చేతిలోకి తీసుకుని చూపించింది. ఇది ఒక టీచరుగారి శాలువా ముక్క, ఆవిడ పిల్లి మూడో బోనులో ఉంది. ఇది వృద్ధాశ్రమానికి వెళ్ళిపోయిన ఒక తాతగారి దిండు గలీబు, ఆయన కుక్క ఇప్పుడిప్పుడే తింటోంది. ఇది ఎవరిదో తెలీదు, కుక్కపిల్ల మెడకి కట్టి ఉంది. అయినా దానికి తెలుసు కదా. పదహారూ చెప్పింది. వాళ్ళు నిలబడి పదహారూ విన్నారు. ముగ్గురిలో చిన్నావిడ కళ్ళు తుడుచుకుంది.

అర చివర పేరు రాసిన కాగితం ఒకటి అంటించి ఉంది, దాని కింద కవరు లేదు.

"మరి ఇక్కడిదేది?" అడిగాడు పెద్దాయన. ఇప్పుడాయన గొంతు తగ్గింది.

"అదా అండీ" అంది మరకలత్తయ్య. "అది బెల్లుతో పాటు ఇంటికి వెళ్ళిపోయింది."